తీగల పొట్లం

చీకటి పడ్డాక ఆ సందు చివరిదాకా ఎవరూ వెళ్లరు. కొరియర్ వాళ్లు కూడా చివరింటికి వచ్చిన సామాను మలుపులో ఉన్న టైలరు దగ్గర పడేసి, ఫోన్ చేసి, బండి తిప్పుకుని పోతారు. చివరింటి పక్కనే ఒక గరాజు, దాని మీద ఒక గది, ఆ గదికి బయటినుంచి ఇనప మెట్లు. చెడ్డపేరంతా ఆ గదిదే.

దాని కిటికీలో రెండు కళ్లు కనిపిస్తాయట... ఎర్రగా, రెప్ప వెయ్యకుండా. ఆ కళ్ల దగ్గర్నుంచి ఒక ఆడగొంతు వస్తుందట — కుండలో తలపెట్టి మాట్లాడినట్టు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. మా బావ మీద అంతకన్నా లేదు. ఈ రెండూ కలిసి నా నెత్తిన పడ్డ కథ ఇది. చెబుతుంటేనే నడుం సలుపుతోంది. ఎందుకో పోను పోను మీకే తెలుస్తుంది.

ముందు టైలరు చూసింది చెబుతాను. ఆయన చెప్పింది చెప్పినట్టే... చెప్పుల సంగతి ఒక్కటి మాత్రం ఆయన దాచాడు, అది సందులో వాళ్లు చెప్పారు.

ఆ చివరింట్లో ఒక పెద్దావిడ ఒక్కర్తే ఉంటుంది. ఆవిడ భర్త గిటారు వాయించేవాడు. పేరు మోసినవాడేం కాదు. హోటళ్లలో, ఫంక్షన్లలో వాయించి, ఇంటికొచ్చాక ఆ గరాజు మీది గదిలో మళ్లీ తన కోసం వాయించుకునేవాడు. ఆయన పోయాడు. గది మూతపడింది. తర్వాత కొన్నాళ్లకే ఆ కళ్లూ, ఆ గొంతూ మొదలయ్యాయి.

టైలరు ఆవిడకి పరదాలు కుట్టి, ఇచ్చిపోదామని సాయంత్రం దాటాక వెళ్లాడు. ఇంట్లో దీపం వెలుగుతోంది. తలుపు కొట్టాడు. పలకలేదు. సరే, మెట్ల మీద పెట్టి పోదామని గరాజు వైపు తిరిగాడు.

తలెత్తాడు.

గదంతా చీకటి... ఆ చీకట్లో రెండు కళ్లు.

"వాన వచ్చేలా ఉంది..." అంది గొంతు.

టైలరు పరదాల మూటని గుండెలకి అదుముకున్నాడు.

"ఆరేసిన బట్టలు తీసేశాను..."

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎవరో జవాబు చెబుతారని ఎదురుచూస్తున్నట్టు... అంతసేపు. అప్పుడు ఇంకా మెల్లిగా —

"తిన్నారా?"

టైలరు పరదాలు అక్కడే పడేసి లగెత్తాడు. ఒక చెప్పు కూడా అక్కడే ఉండిపోయింది. మర్నాడు పెద్దావిడ ఆ చెప్పును ఎవరి చేతో పంపిస్తే, నాది కాదు పొమ్మన్నాడట. రెండో చెప్పు ఆయన గుమ్మం ముందే ఉంది.

"నన్నే అడిగింది" అంటాడు ఇప్పటికీ. "ఆ టైములో ఆ చీకట్లో ఇంకెవర్ని అడుగుతుంది?"

ఇక మా బావ.

మా అక్క మొగుడు గిటార్లు బాగుచేస్తాడు. బాగుచేస్తాడంటే ఆయనకి కోపం, "మనిషికి తగ్గట్టు మలుస్తాను" అంటాడు. కుర్రాళ్లు నిగనిగలాడే కొత్త గిటారు కొని తెచ్చి, గరుకు కాగితంతో రంగు గీకించి, తాతల నాటిదిలా కనిపించేట్టు చేయించుకుంటారు. చేసి పెడతాడు. నిజంగా తాతల నాటిది తెచ్చినవాడికి మాత్రం మెరుగు పెట్టకుండా పంపడు. ఈ లోకం నాకు అర్థం కాదు.

ఇక వాల్వు ఆంపుల మాటెత్తితే అన్నం మానేసి చెబుతాడు. గిటారు చప్పుడుని పెద్దది చేసే పెట్టెలు ఇప్పుడు అగ్గిపెట్టెంతవి కూడా వస్తున్నాయి. ఆయనకి అవి పనికిరావు. లోపల గాజు వాల్వులు ఎర్రగా కాగి, కాగాక గానీ పలకని పాతకాలపు పెట్టెలే కావాలి. "వాటి గొంతులో వెచ్చదనం ఉంటుందిరా" అంటాడు. వెచ్చదనం ఆయనది, మోత నాది. నాకో చిన్న వ్యాను ఉంది. వ్యాను ఉన్న బామ్మర్ది దొరికితే ఏ బావ వదులుతాడు?

ఆయనవి పాముచెవులని పేరు. పక్కవీధిలో ఎవడికైనా శ్రుతి తప్పితే ఇక్కడ మొహం చిట్లిస్తాడు. వంటింట్లోంచి మా అక్క పిలిస్తే మాత్రం నాలుగో పిలుపుకి "ఆఁ, ఏంటీ?" అంటాడు.

ఆ పెద్దావిడ భర్త గదిలోని ఆంపు ఒకరోజు ఉన్నట్టుండి మూగబోయింది. ఆవిడ బావకి కబురు పెట్టింది. వెళ్లి ఆంపూ గిటారూ రెండూ దించాం. దించాం అంటే నేను దించాను. ఆ ఇనప మెట్ల మీద, బీరువా అంత బరువున్న పెట్టెని గుండెలకి హత్తుకుని. బావ వెనకనుంచి "వాల్వులు జాగ్రత్త, వాల్వులు జాగ్రత్త" అంటూ వచ్చాడు. నా నడుం గురించి ఒక్క ముక్క అనలేదు.

లోపల చిన్న భాగం ఏదో మాడిపోయింది. మార్చాడు, పలికింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మా బావ అడక్కుండానే పెడతాడు. పనిలో పని అని గిటారు కూడా విప్పి, తుడిచి, లోపల ఏవేవో చేసి, "కొత్త ప్రాణం పోశాన్రా దీనికి" అని మురిసిపోయాడు.

మళ్లీ మోసుకెళ్లి గదిలో పెట్టాను. ఆవిడ మమ్మల్ని బయట మెట్ల మీద ఉండమంది. తలుపేసుకుంది. లైటు కూడా వెయ్యలేదు. కాసేపటికి తలుపు తీసింది.

"ఇది కాదు బాబూ."

"పలకడం లేదా అమ్మా?"

"పలుకుతోంది... కానీ ఇది కాదు."

మళ్లీ దించాను.

బావ వాల్వులు మార్చాడు. అచ్చం పాత రకమే కావాలని ఎక్కడెక్కడో గాలించి తెప్పించాడు. ఎత్తాను. ఆవిడ తలుపేసుకుంది, తలుపు తీసింది. ఇది కాదు. దించాను. స్పీకరు మార్చాడు. ఇది కాదు. మాడిన భాగానికి బదులు కొత్తది పెట్టడమే తప్పేమోనని అలాంటిదే పాతది వెతికి పెట్టాడు. ఇది కాదు. చివరికి పెట్టె చెక్క ఆరిపోయి నాదం మారిందంటూ ఏదో నూనె రాశాడు. దాంతో చేతులు జారి పెట్టె నా కాలి మీద పడబోయింది. తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంట్లో చూస్తే ఆయనకి తిండి లేదు, నిద్ర లేదు. "ఆ పెట్టెతో పాటు మీరూ వెళ్లి ఆ గదిలోనే ఉండండి" అని మా అక్క విసుక్కుంది. అది కూడా ఆయనకి వినపడలేదు.

"నా చెవులు అబద్ధం చెప్పవురా" అంటాడు బల్ల మీద చెయ్యి గుద్ది. "అంత మంచి నాదం ఈ చుట్టుపక్కల ఏ పెట్టెకీ లేదు. ఆవిడకి వినడం రాదు, అంతే."

"చెవిటివాళ్ల ముందు శంఖం ఊదడం ఎందుకు? వదిలెయ్ బావా."

"ఎలా వదలన్రా? తలుపు తీసినప్పుడు ఆవిడ మొహం చూశావా?"

చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. స్టేషనుకి ఎవరి కోసమో వెళ్లి, రైలంతా ఖాళీ అయినా మనిషి దిగకపోతే ఎలా ఉంటుందో, ప్రతిసారీ అదే మొహం. అందుకే తిట్టుకుంటూనే మోశాను.

నాకు కొరుకుడుపడనిది ఇంకొకటి ఉంది. ఆవిడ తలుపేసుకున్నంతసేపూ లోపల్నుంచి ఒక్క తీగ మోగిన పాపాన పోలేదు. మీటకుండానే ఇది కాదని ఎలా చెబుతోంది? బావ పాముచెవులకి ఈ సంగతి తట్టనే లేదు. ఆయన తన నాదం గొడవలో ఉన్నాడు.

ఒకరోజు నడుం పట్టేసి టైలరు బల్ల మీద కూలబడ్డాను. ఆయన మంచినీళ్లిచ్చి, సందులోకి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మీ బావా మీరూ పుణ్యం కట్టుకున్నారండీ. ఆ పెట్టె తీసుకెళ్లిన్నాటి నుంచి గొంతు వినపడట్లేదు."

"ఏ గొంతు?"

అప్పుడు చెప్పాడు పైదంతా.

"మరి కళ్లు?" అన్నాను నవ్వాపుకుంటూ.

"మీరు పెట్టె తెచ్చిన రోజు వెలుగుతాయి... గొంతు మాత్రం లేదు. నోరు కట్టేశారు మీరు."

బావని ఏడిపించడానికి మంచి సరుకు దొరికిందనుకున్నాను. వెళ్లి చేతులు తిప్పుతూ మొత్తం అభినయించాను. వాన వచ్చేలా ఉంది... తిన్నారా... నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఆంపు వీపు కిటికీ వైపు పెడుతుంది ఆవిడ" అన్నాడు. "వెనక చెక్క ఉండదు. చీకట్లో చూస్తే కాగిన వాల్వులు రెండూ కనిపిస్తాయి."

"అయితే కళ్లు దొరికాయి."

"గొంతు కుండలోంచి వచ్చినట్టుందన్నాడా?"

"ఆఁ."

బావ చేతిలోది కింద పెట్టేశాడు.

"ఒరేయ్... నేను మైనం పోశాను."

తీగల కింద పికప్పు అని ఒక ముక్క ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి వైరు. తీగ అదిరితే ఆ అదురుని అదే ఆంపుకి పంపిస్తుంది. పాతవాటిలో వైరు వదులుగా చుట్టి ఉంటుందట. అలా వదులుగా ఉంటే, దగ్గర్లో మనిషి మాట్లాడినా ఆ వైరు అదిరి, మాట కూడా ఆంపులోంచి బయటికొస్తుందట. పని తెలిసినవాళ్ల లెక్కలో అది లోపం. చప్పుడు పెంచితే కూత కూడా పెడుతుంది. "కూతంటే తెలుసుగా, ఒకటే ఎత్తులో కీచుమని అరుస్తుంది, పైకీ పోదు, కిందికీ రాదు" అన్నాడు బావ. అందుకని పికప్పుని కరిగిన మైనంలో ముంచుతారు. మైనం గడ్డకడితే వైరు కదలదు, మాట వినపడదు.

"ఆవిడ చెయ్యమందా?"

"ఎవరూ చెయ్యమనలేదు. చూస్తూ చూస్తూ లోపాన్ని ఎలా వదిలేస్తాం?" అన్నాడు. మళ్లీ తనే, "వాళ్ల దెయ్యాన్ని నేనే మైనంలో ముంచి చంపేశాన్రా" అన్నాడు.

నాకు అరవాలనిపించింది. వాల్వులన్నాడు, స్పీకరన్నాడు, నూనె అన్నాడు, తప్పు అసలు ఆ పెట్టెలోనే లేదు! ఇన్నాళ్లూ నేను మోసిందంతా వట్టి మోతే. గిటారొక్కటే తెస్తే సరిపోయేది. దాన్ని పసిపిల్ల కూడా మోస్తుంది.

ఇద్దరం ఆవిడ దగ్గరికి వెళ్లాం. బావ గుమ్మంలోనే నిలబడి, తల దించుకుని అడిగాడు. "అమ్మా... ఇందులోంచి మీ గొంతు వినిపించేది కదా?"

ఆవిడ చాలాసేపు కొంగు అంచు చూసుకుంది.

"నవ్వుతారని చెప్పలేదు బాబూ" అంది. "ఆయన వాయించుకుంటుంటే నేను పక్కన చిన్న పీట మీద కూర్చునేదాన్ని. నేనేదన్నా అంటే నా మాట ఆ పెట్టెలోంచి వచ్చేది. బాగుచేయిస్తానంటే ఆయనే వద్దన్నారు. లైటు వేస్తే పెట్టె జుయ్యిమంటుందని చీకట్లోనే ఉండేవాళ్లం."

"మరి ఆయన?"

"తిన్నారా అని అడిగితే నోటితో చెప్పేవారు కాదు. లావు తీగ మీటి, అలా పైకి జార్చేవారు... ఊఁ అన్నట్టు." ఆవిడ చేత్తో గాల్లో జార్చి చూపించింది. "ఆయన పోయాక నేను అడగడమే. జవాబు ఎక్కడ్నుంచొస్తుందిలే, అది నాకూ తెలుసు. కానీ ఆ పెట్టెలోంచి నా మాట వస్తే ఆయన్ని అడిగినట్టుంటుంది. మీరు తెచ్చాక... గోడతో మాట్లాడినట్టుంది."

బావ నాకేసి చూడలేదు. నేనూ ఆయనకేసి చూడలేదు.

పోసిన మైనం మళ్లీ పూర్తిగా రాదట. వేడి చేసి తియ్యబోతే లోపలి వైరు పుటుక్కున తెగింది. ఇక ఆ పాత అయస్కాంతం మీదే కొత్త వైరు చుట్టాలి. అక్కడ ఇంకో చిక్కు. బావది పొందికైన చెయ్యి, ఎలా చుట్టినా గట్టిగా, వరసగా పడుతుంది. వదులుగా చుట్టడం చేతకాలేదు. చుడతాడు, మాట రాదు. విప్పుతాడు, తెగుతుంది. వైరు ఉండలు చేసి గోడకేసి కొట్టాడు. చేతనైన పని ఎదురు తిరిగితే మనిషి ఎంత పిచ్చివాడవుతాడో నేను అప్పుడే చూశాను.

చివరికి మా అక్క ఆ వైరు చుట్టే మరని తనవైపు లాక్కుంది. "ఇలా ఇవ్వండి, మీవల్ల కాదు." ఎలా పడితే అలా, నాతో కబుర్లు చెబుతూ చుట్టేసింది. బావ దాన్ని గిటారుకి అతికించి, ఆంపు వేసి, వాల్వులు కాగేదాకా ఆగాడు.

"అన్నం చల్లారిపోతోంది" అంది అక్క, ఎప్పటిలాగే.

పెట్టెలోంచి కుండ గొంతు అంది — అన్నం చల్లారిపోతోంది.

బావ చటుక్కున లేచి వెళ్లి కంచం ముందు కూర్చున్నాడు. మా అక్క మొదటి పిలుపుకే ఆయన లేవడం అదే చూడ్డం నేను.

ఇక అప్పగించడమే మిగిలింది. ఆంపు ఎత్తాను. ఇదే ఆఖరు అని ఒట్టు వేయించుకుని మరీ ఎత్తాను. గదిలో పెట్టి దిగబోతుంటే బావ జేబులు తడుముకున్నాడు.

"ఒరేయ్, తీగలు... ఈసారి విప్పేటప్పుడు పాతవన్నీ తుప్పుకి తెగిపోయాయి. వెళ్లి పట్రా. లావు రకం, ఆయన వాడినవే."

"ఆవిడ మీటదుగా బావా, తీగలెందుకు?"

"తీగల్లేని గిటారు అప్పగించమంటావా? నాకంటూ ఓ పరువుంది."

ఆ పరువు కోసం ఊరంతా తిరిగాను. ఒక దుకాణంలో సన్నవే ఉన్నాయి. ఇంకో దాంట్లో లావు తీగల పేరెత్తితే, "ఈ రోజుల్లో అవెవరు వాడతారు?" అని నవ్వాడు. మరో దుకాణం నా మొహం మీదే షట్టరు దించేసింది. ఆఖరికి ఒక ముసలాయన అట్టడుగు అరలోంచి దుమ్ము కొట్టుకుపోయిన పొట్లం ఒకటి తీసిచ్చాడు. అప్పటికే చీకటి పడిపోయింది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. బావని ఏమేమి తిట్టాలో వరస పెట్టుకుంటూ సందులోకి వచ్చాను.

టైలరు కొట్టు కట్టేసి పోయాడు. సందులో నేనొక్కణ్నే.

తలెత్తాను... రెండు కళ్లు.

నాకంతా తెలుసు. అవి వాల్వులు. వాటిని మోసింది నా ఈ చేతులే. అయినా ఒక అడుగు వెనక్కి వేశాను.

"బాగు చేశారండీ..." అంది గొంతు. కుండలోంచి వచ్చినట్టే.

"పాపం, ఆ అబ్బాయి ఎన్నిసార్లు మోశాడో..."

నేను గోడ పట్టుకున్నాను.

తర్వాత ఏమీ లేదు. ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది. అప్పుడు మెల్లిగా —

"తిన్నారా?"

నిశ్శబ్దం...

మోగింది. ఒక్క తీగ. లావు తీగ. అడుగు నుంచి మెల్లిగా పైకి జారి... ఊఁ అన్నట్టు ఆగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. భయం కాదు, కోపం! ఇక్కడ ఎవరి దగ్గరో తీగలు దొరికాయన్నమాట. బిగించేశారు, వాయించేస్తున్నారు. నేను మాత్రం వెర్రివాడిలా దుకాణం దుకాణం తిరుగుతున్నాను. ఒక్క ఫోన్ చెయ్యడానికి ఏం రోగం? మెట్లు దడదడా ఎక్కాను.

బావ పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తలుపు మూసి ఉంది.

"తీగలు దొరికితే చెప్పొద్దా బావా?"

నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"ఏ తీగలు?" అన్నాడు గుసగుసగా.

"ఇప్పుడు మోగింది..."

"నువ్వూ విన్నావా?"

తలుపు తెరుచుకుంది. పెద్దావిడ రెండు చేతులా గిటారు పొదివి పట్టుకుని నిలబడింది. వెనక నుంచి వాల్వుల ఎర్రటి వెలుగు. గిటారు మెడ పొడుగునా వట్టి చెక్క. ఒక్క తీగ కూడా లేదు.

ఆవిడ బుగ్గలు తడిగా ఉన్నాయి. నవ్వుతోంది.

"ఇదే బాబూ" అంది.

బావ పై మెట్టు మీంచి లేచాడు. "కొత్త చుట్టు కదమ్మా... ఒక్కోసారి కూత పెడుతుంది..." అన్నాడు. కూత జారదని నాకు చెప్పింది ఆయనే. చెప్పేవాడికే నమ్మకం లేని మాట ఎవరు నమ్ముతారు?

ఏం చెయ్యాలో తోచక నేను చేతిలో పొట్లం ముందుకు చాపాను. "తీగలమ్మా... బిగించాలి కదా."

ఆవిడ పొట్లం కేసి చూసింది, చేతుల్లో గిటారు కేసి చూసింది.

"ఎందుకు బాబూ?" అంది. "ఇన్నాళ్లూ తీగలున్నా ఆయన పలకలేదు కదా."